మూడు లాంతర్ల నుంచి ఆరు వరసల దాకా

ఉత్తరాంధ్రలో బండి బాట జాతీయ రహదారి అయింది. స్టీరింగ్ కొత్తగా పట్టేవాళ్లకు కావలసిన పాఠాలు ఆ చరిత్రలోనే ఉన్నాయి.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఉన్న కూడలిని మూడు లాంతర్లు అంటారు. పూసపాటి రాజుల కాలంలో, 19వ శతాబ్దంలో, దారులు కలిసే ఆ చోట స్తంభం నిలిపి మూడు వైపులా మూడు లాంతర్లు అమర్చారు. సంత చూసుకుని చీకటి పడ్డాక వచ్చే బండివాడికి కూడలి దూరం నుంచే ఆనేది. 2020 మే నెలలో ఆ పాత స్తంభాన్ని తొలగించినప్పుడు ఊళ్లో పెద్ద దుమారమే రేగింది. ఆ లాంతర్ల వెలుగులో దారి వెతుక్కునేవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. అయినా ఊరి ఆనవాలు పోయిందని జనం నొచ్చుకున్నారు.

ఆ 19వ శతాబ్దంలోనే లండన్‌లో ఇంకో లాంతరు కథ నడిచింది. 1868 డిసెంబరులో పార్లమెంటు భవనం దగ్గర, జె.పి.నైట్ అనే రైల్వే ఇంజినీరు ఆలోచనతో, గుర్రబ్బళ్ల కోసం ఒక సిగ్నల్ స్తంభం పెట్టారు. పగలు రైలు సిగ్నల్ మాదిరి రెక్కలు లేచి వాలేవి. రాత్రి ఎర్ర, పచ్చ గ్యాసు దీపాలు వెలిగేవి. నెల తిరిగేసరికి, 1869 జనవరిలో, గ్యాసు పేలి పోలీసు గాయపడ్డాడు. ఆ దెబ్బతో లండన్ చాలా ఏళ్లు సిగ్నళ్ల జోలికి పోలేదు. కార్ల్ బెంజ్ మోటారు బండికి పేటెంటు తీసుకున్నది 1886లో. అంటే కారు కంటే ట్రాఫిక్ సిగ్నలే పెద్దది!

లండన్ దీపం ఆగమనీ వెళ్లమనీ చెప్పింది. విజయనగరం దీపం కూడలి ఉందని మాత్రమే చెప్పింది. రెండూ పుట్టింది ఒకే అవసరంలోంచి: ముందేం జరగబోతోందో ఎదుటివాడికి కాస్త ముందుగా తెలియాలి. తర్వాత వచ్చిన రోడ్డు నియమాల్లో చాలావాటికి ఇదే మూలం.

ఎద్దుకు తెలిసిన దారి

మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్ద బాట శ్రీకాకుళం మీదుగా పోయేది. దాని మీద నడిచినవి ఎక్కువగా ఎడ్లబండ్లు. గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల నడక. బండివాడు కునుకు తీసినా ఎడ్లు ఇంటికి చేర్చేవి. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే యోగక్షేమాలు మాట్లాడుకుని మరీ తప్పుకునేంత తీరిక ఉండేది. రాత్రిళ్లు బండి ఇరుసు కింద వేలాడే లాంతరే ముందు లైటు, వెనక లైటు కూడా.

మోటారు వచ్చాక ఆ తీరిక పోయింది. 1914లో దేశమంతటికీ కలిపి తొలి మోటారు వాహనాల చట్టం వచ్చింది. బండి నడపడానికి లైసెన్సు కావాలన్న సంగతి అలా స్థిరపడింది. పాతికేళ్ల తర్వాత 1939 చట్టం వచ్చింది. దాని పదో షెడ్యూలులో డ్రైవింగ్ నియమాలు ఉండేవి. వాటిలో మొదటిది, వీలైనంత ఎడమ పక్కనే నడపాలి, ఎదురొచ్చేవాళ్లను కుడి పక్క నుంచి పోనివ్వాలి. ఎడమ పక్క నడక బ్రిటన్‌లో 1835 హైవే చట్టంతో గట్టిపడి, వలస పాలనతో మన దాకా వచ్చిన అలవాటు. ఎడమే ఎందుకు, కుడి అయితే తప్పేమిటి అంటే తప్పేమీ లేదు. అమెరికా కుడి పక్కనే నడుస్తోంది. ఏ పక్కనైనా ఫరవాలేదు, అందరూ ఒకే పక్కన ఉండాలి, అంతే.

అప్పటి బళ్లకు ఇండికేటర్లు లేవు కాబట్టి డ్రైవరు చెయ్యే ఇండికేటర్. కుడిచెయ్యి బయటికి చాచి అరచెయ్యి ముందుకు చూపితే కుడికి తిరుగుతున్నట్టు. అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే వేగం తగ్గిస్తున్నట్టు. ఈ చేతి సైగలు 1989 రోడ్డు నియమాల్లోనూ కొనసాగాయి. తిరగడానికి కాస్త ముందు చెప్పాలి తప్ప, తిరుగుతూ చెబితే అది సైగ కాదు. ఇండికేటర్ వేసి అదే క్షణంలో హ్యాండిల్ తిప్పే కుర్రవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

1939 చట్టం వచ్చేనాటికి ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం, 1979 జూన్ 1న విజయనగరం వేరు జిల్లాలయ్యాయి. ఇప్పుడు అమల్లో ఉన్న 1988 చట్టం 1989 జులై 1 నుంచి నడుస్తోంది. ఏపీ 30 అంటే శ్రీకాకుళం బండి, ఏపీ 35 అంటే విజయనగరం బండి అని పోల్చుకున్న రోజులు ఆ చట్టం తర్వాతివే. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 కిందికి వచ్చాక, నంబరు చూసి ఊరు చెప్పే ముచ్చట కొత్త బళ్లకు లేకుండా పోయింది.

సాలూరు ఘాట్ అనే బడి

డ్రైవింగ్ స్కూళ్లు రాకముందు ఈ వైపు డ్రైవింగ్ నేర్పిన బడి సాలూరు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గానీ, విజయనగరం వాళ్లకు నేటికీ లారీల ఊరు అంటే సాలూరే. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమై కొరాపుట్ అటు వెళ్లడంతో ఇది సరిహద్దు పట్నమైంది. రాయ్‌పూర్, జగదల్‌పూర్, కొరాపుట్ మీదుగా దిగివచ్చే పాత 43వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే మైదానాన్ని తాకుతుంది. 2010లో నంబర్లు మార్చాక అది 26వ నంబరు రహదారిలో భాగమైంది. సరుకు కిందికీ పైకీ ఈ దారినే నడిచింది. ఊళ్లో లారీ యజమానులు, మెకానిక్కులు, బాడీ కట్టేవాళ్లు, టైర్ల షాపులవాళ్లు పెరిగారు. కుర్రాడు క్లీనర్‌గా ఎక్కి, రాళ్లు పెట్టడం, టైరు మార్చడం, వెనక నిలబడి ‘రానీ, రానీ’ అనడం నేర్చుకుని, ఏళ్లు గడిచాక గాని స్టీరింగ్ ముట్టేవాడు కాదు.

ఆ బడిలో మొదటి పాఠం: ‘ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల బావూ, న్యూట్రల్ ఎయ్యకు’. దీని వెనక గట్టి శాస్త్రమే ఉంది. దిగుడులో బ్రేకు తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. చిన్న గేర్లో దింపితే ఇంజినే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది, బ్రేకు అవసరానికి మిగులుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేస్తే ఆ పట్టు పోతుంది. ఇంజిను కూడా ఆపేస్తే, గాలి బ్రేకుల లారీకి గాలి నింపే యంత్రమే ఆగిపోతుంది. అరకు వెళ్లే కారుకైనా, బైకుకైనా ఈ లెక్క మారదు.

రెండో పాఠం: ఎక్కే బండికి దారి ఇవ్వాలి. 1989 రోడ్డు నియమాలు దీన్ని రాతలో పెట్టాయి. కొండ దారిలో రెండు బళ్లు పట్టనప్పుడు దిగే బండి పక్కకు ఆగాలి, ఎక్కే బండి పోవాలి. బరువుతో ఎక్కుతున్న బండిని మధ్యలో ఆపితే మళ్లీ కదపడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం కూడా. దిగేవాడికి ఆ ఇబ్బంది లేదు. సాలూరు ఘాట్‌లో పి.కోనవలస దాటి పైకి వెళ్తుంటే, మలుపుకు అవతలివైపు ఏముందో కనబడదు. అందుకే అక్కడ ఎడమ అంచు వదలకూడదు, హారన్ కొట్టాలి, మలుపులో ఓవర్‌టేక్ మాటే ఎత్తకూడదు. ముందున్న లారీ వెనక పది నిమిషాలు దుమ్ము తినాల్సి వచ్చినా సరే.

నాలుగు వరసలు, ఆరు వరసలు

ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం వైపు వచ్చే తీర రహదారి 2010 దాకా అయిదో నంబరు, ఇప్పుడు పదహారు. స్వర్ణ చతుర్భుజికి 1999లో శంకుస్థాపన జరిగాక ఇది నాలుగు వరసలైంది. నరసన్నపేట నుంచి ఆనందపురం వైపు ఇప్పుడు చాలా భాగం ఆరు వరసలు. ఒక తరంలోనే ఎడ్లబండి, లారీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే సన్న రోడ్డు, కార్లు నూరు మీద పరుగెత్తే దారి అయిపోయింది. రోడ్డు వెడల్పయినంత తొందరగా దాన్ని దాటే ఊళ్ల అలవాట్లు మారలేదు. చోడి కంకులూ ఉలవ చెట్లూ తెచ్చి, చక్రాల కింద నలుగుతాయని ఊరి రోడ్డు మీద పరచడం ఈ జిల్లాల్లో పాత ఆనవాయితీ. వాటి మీద బైకు బ్రేకు వేస్తే నిలబడడం కల్ల.

అన్నిటికంటే ప్రాణాంతకమైన అలవాటు ఎదురుగా నడపడం. ఊరి జంక్షన్లో పెట్రోలు కొట్టించుకుంటారు. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉంటుంది. అంత దూరం ఎవరు తిరుగుతారని డివైడర్ వెంటో, అంచు వెంటో ఎదురెళ్తారు. బైకు 40, ఎదురుగా లారీ 80 వేగంతో వస్తే ఇద్దరూ దగ్గరయ్యే వేగం గంటకు 120 కిలోమీటర్లు, సెకనుకు 33 మీటర్లు. నూరు మీటర్ల ఎడం మూడు సెకన్లలో హరించుకుపోతుంది. పైగా ఆ లారీ డ్రైవరు తన వరసలో ఎదురుగా ఎవరైనా వస్తారని ఎదురుచూడడు. అతని ఊహలో లేని చోట మీరున్నారు.

ఈ రహదారి మీద జరిగిన ప్రమాదాల్లో శ్రీకాకుళం మరచిపోలేనిది 2012 నవంబరు 2 తెల్లవారుజామున జరిగింది. కేంద్ర మాజీ మంత్రి, శ్రీకాకుళం నుంచి పలుమార్లు లోక్‌సభకు ఎన్నికైన కింజరాపు ఎర్రన్నాయుడు విశాఖపట్నంలో పెళ్లికి వెళ్లి తిరిగివస్తున్నారు. రణస్థలం దగ్గర ఆయన కారు ట్యాంకర్‌ను ఢీకొంది. 55 ఏళ్ల నాయకుణ్ని జిల్లా పోగొట్టుకుంది. పేరున్న మనిషి కాబట్టి ఆ వార్త ఏళ్ల తరబడి గుర్తుండిపోయింది. అలాంటి చీకటి వేళల్లో పేరులేని కుటుంబాలు పోగొట్టుకున్నవాళ్లను గుర్తుపెట్టుకునేది వాళ్ల ఊళ్లే.

రాత్రి ప్రయాణానికి ఒక లెక్క ప్రతి కొత్త డ్రైవరూ కంఠతా పట్టాలి. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందేదో ఉందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర. అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టి బండి ఆగడానికి ఇంకో 35 మీటర్ల పైచిలుకు. మొత్తం దాదాపు 70 మీటర్లు. డిమ్‌లో ఉన్న హెడ్‌లైటు స్పష్టంగా చూపించేది నలభై, యాభై మీటర్లే. అంటే కనబడ్డాక ఆపలేని వేగంతో నడుపుతున్నాం. వేగం రెట్టింపయితే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. అందుకే రాత్రి వేగాన్ని స్పీడోమీటరు కాదు, లైటు వెలుగు నిర్ణయించాలి. ఎదురుగా బండి వస్తే డిమ్ చెయ్యాలి. దారిలో బండి చెడితే అంచుకు లాగి, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎర్ర త్రికోణం వెనక దూరంగా పెట్టాలి. నిద్ర వస్తే టీ కాదు, నిద్రే మందు.

ఎల్లెల్లార్ చేతికొచ్చాక

ఎల్లెల్లార్ అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక పక్కా లైసెన్సుకు వెళ్లొచ్చు. ఈ లోపు తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ బోర్డు ఉండాలి, పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి ముందు బైకుతో ఎనిమిది కొట్టగానే డ్రైవింగ్ వచ్చేసినట్టు కాదు. ఎనిమిది కాలు పెట్టకుండా తిప్పగలమని చెబుతుందే గాని, ముందున్న ఆటో హఠాత్తుగా ఆగితే ఏం చేస్తామో చెప్పదు. దానికి మందు ఎడం పాటించడమే. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మూడు సెకన్లకు మనం దాటాలి, వాన పడితే అంతకు రెట్టింపు.

సిగ్నలు లేని కూడళ్లలో ఎవరు ముందు వెళ్లాలన్నదానికి నియమం ఉంది. చిన్న దారి నుంచి పెద్ద దారిలోకి వచ్చేవాళ్లు ఆగాలి. రెండూ సమానమైన దారులైతే కుడి పక్క నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. మన దగ్గర హారన్ గట్టిగా కొట్టినవాడే ముందు అనుకుంటాం. అది చట్టంలో ఎక్కడా లేదు.

2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ తల్లిదండ్రుల పని కూడా పెంచింది. 18 నిండని పిల్లవాడికి తాళం ఇచ్చి, వాడు నేరం చేస్తే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పెద్దవాళ్లకే. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకూ తప్పనిసరి. పట్టీ బిగించకపోతే అది తల కంటే ముందు ఎగిరిపోతుంది. సీటు బెల్టు సంగతీ అంతే. వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ 1959లో మూడు బిందువుల బెల్టు తయారుచేస్తే, ఆ కంపెనీ పేటెంటు పట్టుకుని కూర్చోకుండా అందరినీ వాడుకోనిచ్చింది. అంత ఉదారంగా వచ్చిన దాన్ని మనం వెనక సీట్లో మడిచి దాస్తున్నాం.

ప్రమాదం చూసి ఆగినవాళ్లకూ అదే సవరణ అండగా నిలిచింది. గాయపడ్డవాళ్లను మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ల మీద కేసులు ఉండవు, పేరు చెప్పమని బలవంతం ఉండదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108కి ఫోన్ చేసి, అంబులెన్సుకు దారి ఇవ్వడం మన వంతు.

మనవాళ్లకు క్రమశిక్షణ రాదని ఒక మాట తరచూ వినబడుతుంది. ఏటా పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరానికీ, రథసప్తమి నాడు అరసవల్లికీ వచ్చే జనాన్ని చూస్తే ఆ మాట నిలవదు. బళ్లు ఎక్కడ ఆపాలో, ఏ దారి మూసేస్తారో ముందే చెబుతారు. అందరికీ ఒకే నియమం ఉంటుంది. దాంతో జనం దూరంగా బండి పెట్టి, తాడు దగ్గర ఆగి, నడుచుకుంటూ వెళ్తారు. ముందుగా చెప్పడం, అందరికీ ఒకేలా వర్తింపజేయడం ఉంటే నియమం నడుస్తుందని ఆ రోజు తేలిపోతోంది. జంక్షన్ల దగ్గర సరైన బోర్డులు, వెలుగు, దగ్గరలో యూటర్న్ ఇవ్వడం ప్రభుత్వం పని. అవి వచ్చేదాకా కిలోమీటరు తిరిగి రావడం మన పని. సిరిమాను తిరిగే మంగళవారం పాటించగలిగినవాళ్లం బుధవారం కూడా పాటించగలం.