స్ప్రింట్ ఫిడెలిస్ లీడ్
గుండెలయ తప్పినప్పుడు షాకిచ్చేందుకు ఛాతీలో అమర్చిన డీఫిబ్రిలేటర్‌ను గుండెకు కలిపే సన్నని తీగ. తయారీ మెడ్‌ట్రానిక్. పాత నమూనాకు అనుబంధంగా, మనుషులపై కొత్త ప్రయోగాలు లేకుండానే 2004లో అమెరికాలో అనుమతి పొందింది. లోపలి వాహకం విరిగితే వచ్చే విద్యుత్ రొదను పరికరం గుండెలయ తప్పడంగా పొరబడి, నిక్షేపంగా ఉన్న మనిషికి వరుసగా షాకులిచ్చేది. ఒక్కోసారి అవసరమైనప్పుడు ఊరకుండేది. నియంత్రణ సంస్థ కన్నా ముందు మినియాపొలిస్ వైద్యుడు రాబర్ట్ హౌసర్ బృందం తమ రోగుల్లో తేడా పసిగట్టి 2007లో ప్రచురించింది. ఆ అక్టోబరులో అమ్మకాలు ఆపేసరికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,68,000 తీగలు అమర్చారు. తీగ సిరగోడకు అతుక్కుపోతుంది, పెరకబోతే ప్రాణం మీదికే రావచ్చు. అందుకే చాలామందికి అలాగే ఉంచి, ముందే హెచ్చరించే సాఫ్ట్‌వేర్ జోడించారు. భారత్‌లో ఇలాంటి వైద్య పరికరాలపై ఫిర్యాదులు నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో మొదలైంది.