ధాత కరువు – ఒంగోలు మిషన్: సహాయం, కూలి, బాప్తిస్మం

వ్యాససంగ్రహం:
1876-78 నాటి ధాత కరువు కాలంలో ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేపట్టిన సహాయ కార్యక్రమాన్నీ, కరువు చివరి దశలో జరిగిన సామూహిక బాప్తిస్మాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఘట్టాన్ని ఆకలి తెచ్చిన మతాంతరీకరణగా కొందరు, దైవికమైన అద్భుతంగా మరికొందరు వ్యాఖ్యానించారు. కరువుకు ముందే మాదిగ పల్లెల్లో ఏర్పడి ఉన్న స్థానిక బోధకుల వ్యవస్థను ఈ రెండు వ్యాఖ్యలూ విస్మరించాయి. సహాయం ఎంత అందిందన్న దానికంటే అది ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా అందిందన్నదే ఇక్కడ కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ధాత కరువు, ఒంగోలు, జాన్ ఎవరెట్ క్లౌ, ఎర్రగుంట్ల పేరయ్య, బకింగ్‌హాం కాలువ, మాదిగలు, మిషనరీలు.

1. ఉపోద్ఘాతం
తెలుగునాట క్రైస్తవ మిషనరీల సేవను గురించిన రచనల్లో పాఠశాలలకు, వైద్యశాలలకు, నిఘంటు నిర్మాణానికి దక్కినంత చోటు కరువు సహాయానికి దక్కలేదు. దక్కినచోట కూడా చర్చ ‘కూటి కోసం మతం మారారు’ అన్న ఆరోపణ చుట్టూ, దానికి ఇచ్చే సమాధానం చుట్టూ తిరుగుతుంది. ఈ ఆరోపణను పరీక్షించడానికి ఒంగోలు ఉదంతం మంచి ఆధారం. అక్కడ సహాయం, బాప్తిస్మం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. వాటి నడుమ దూరం ఉంచాలన్న ప్రయత్నం కూడా అక్కడే జరిగింది.

2. కరువుకు ముందు
అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840 నుండి నెల్లూరులో స్థిరపడింది. తొలి దశాబ్దాల్లో ఫలితం స్వల్పం. 1853లో ఈ మిషన్‌ను మూసివేయాలా అన్న చర్చ కూడా అమెరికాలో జరిగింది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో భారతదేశానికి వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. మత విద్యకు ముందు ఆయన భూమి సర్వే పనిలో అనుభవం గడించాడు. ఈ అనుభవం తరువాత కాలువ తవ్వకంలో అక్కరకు వచ్చింది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. దాని విస్తరణకు మూలపురుషుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ళ దూరంలోని పల్లెకు చెందిన మాదిగ. తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊరూరా తిరిగినవాడు. క్రైస్తవంలోకి రాకముందే యోగ సంప్రదాయంలో దీక్ష పొంది, తనవారి నడుమ గురువుగా గౌరవం పొందినవాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టక మునుపే, 1866లోనే పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌ ఆయన పల్లెను దర్శించేనాటికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. అంటే మిషనరీ పల్లెకు రాకముందే బోధ పల్లెకు చేరింది. అది నడిచిన దారులు బంధుత్వానివి, తోళ్ళ బేరానివి, గురుశిష్య సంబంధానివి.

ఈ చేరికకు పల్లెలు మూల్యం చెల్లించాయి. చచ్చిన పశువు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు, విగ్రహారాధనలో పాల్గొనరాదు అన్నవి సంఘ నియమాలు. వీటిలో ప్రతి ఒక్కటీ గ్రామ వ్యవస్థను తాకింది. రైతుకు చెప్పులు, కపిల బాన సమకూర్చడం, చచ్చిన పశువును తీసుకుపోవడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల వంతు పనులు. వాటిలో కొన్నింటిని నిరాకరించడం ఊరితో తగవుకు దారితీసింది. కరువు నాటికి ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య మూడు వేలు దాటింది. ఆ సంఖ్య గంజి వల్ల వచ్చింది కాదు.

3. కాలువ పని
1876లో వానలు విఫలం కావడంతో మద్రాసు రాజధానిలో విస్తార భాగం కరువు పాలైంది. ధాత నామ సంవత్సరంలో ప్రారంభమైనందున జనం దీనిని ధాత కరువు అన్నారు. ఆకలికి కలరా తోడయింది. దుర్భిక్ష పరిశీలకుడిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ పొదుపు పేరిట కూలిని కుదించి, పెద్దవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి పైకం నిర్ణయించాడు. ఆ కూలి శ్రమ చేసే దేహానికి చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ అభ్యంతరపెట్టాడు. ఈ వివాదం విలియం డిగ్బీ 1878లో వెలువరించిన గ్రంథంలో వివరంగా నమోదైంది.

ఈ నేపథ్యంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ భాగం తవ్వే ఒప్పందాన్ని ప్రభుత్వం నుండి తీసుకున్నాడు. సుమారు మూడు వేల మంది అక్కడ పనిచేశారు. తన బోధకులనే ఆయన పనిపై మేస్త్రీలుగా నియమించాడు. కరువు పనిలో కూలివాని బతుకు మేస్త్రీ చేతిలో ఉంటుంది. తట్టలు లెక్కించేవాడు, హాజరు వేసేవాడు, డబ్బు పంచేవాడు అతడే. ఆ స్థానంలో అంటరానివారిగా చూడబడిన కులం నుండి వచ్చినవారు నిలవడం గ్రామీణ అధికార సంబంధాల్లో అపూర్వమైన మార్పు. పని ముగిశాక బోధకులు కూలీల నడుమ కూర్చుని మాట్లాడేవారు. దూర గ్రామాల నుండి వచ్చిన క్రైస్తవేతరులు ఆ బోధను విన్నది కూడా ఇక్కడే.

ఇందులో గమనించదగినది సహాయం ధరించిన రూపం. ఇది దానం కాదు, కూలి. దానం పుచ్చుకున్నవాడు దాతకు ఋణపడతాడు, కూలి తీసుకున్నవాడు తన శ్రమకు ప్రతిఫలం పొందుతాడు. అయితే పని ఇచ్చినవాడే మత గురువు కావడం వల్ల ఈ భేదం పూర్తిగా నిలవదు. క్లౌకు ఈ ఇరకాటం తెలుసు. ఆయన తరువాతి నిర్ణయమే అందుకు సాక్ష్యం.

4. ఆగిన బాప్తిస్మాలు
సహాయం అందుతున్న కాలంలో, దాదాపు 15 నెలల పాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కోరివచ్చినవారిని వేచి ఉండమన్నాడు. 1878 జూన్ తరువాత, సహాయ నిధులు ముగింపుకు వచ్చిన దశలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద వేలాది జనం గుమిగూడారు. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని, తిరిగి వెళ్ళమని ఆయన చెప్పాడు. తమకు కావలసింది సహాయం కాదని, బాప్తిస్మమని వారు బదులిచ్చారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న నదిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఆ పని జరిపారు. అమెరికాలో ఈ సంఖ్య క్లౌ పేరుతో ప్రసిద్ధి పొందింది. నీటిలో నిలిచిన ఆ ఆరుగురి పేర్లకు అంతటి ప్రసిద్ధి రాలేదు.

ఈ విరామం ‘కూటి క్రైస్తవులు’ అన్న నిందకు బలమైన సమాధానమే గాని, సంపూర్ణ సమాధానం కాదు. ఆనాటి సహాయం ఆగినా, కష్టకాలంలో అండగా నిలిచేవారున్నారన్న నమ్మకం నిలిచే ఉంటుంది. ఆ నమ్మకాన్ని ప్రలోభం అనడం కూడా సరికాదు. తరతరాలుగా ఊరి దయ మీద బతికిన సమూహం మరొక ఆశ్రయాన్ని ఎంచుకోవడంలో వివేచన ఉంది. ఆకలికీ ఆత్మగౌరవానికీ నడుమ గీత గీయడం కడుపు నిండినవారికే సులభం.

5. ఆధారాల స్వభావం
ఈ ఉదంతానికి ప్రధాన ఆధారాలు మిషనరీ రచనలే. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల నోట విన్న కథనాలను 1899లో గ్రంథస్థం చేసింది. క్లౌ స్వీయకథనాన్ని 1914లో ప్రకటించినదీ ఆమెయే. తెలుగులో పలికిన మాటలు ఆంగ్లంలో, అమెరికా పాఠకులకు అనువుగా, మనకు మిగిలాయి. అయినా 1899 నాటి గ్రంథంలో యోగ దీక్షలు, మాతంగి ఆచారాలు, స్త్రీ గురువుల ప్రస్తావనలు ఉన్నాయి. అందువల్ల దానిని ప్రచార సాహిత్యంగా తోసిపుచ్చకుండా మాదిగల మౌఖిక చరిత్రగా చదవవలసి ఉంది.

6. ముగింపు
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:
1. ఒంగోలు ఉద్యమానికి పునాది కరువుకు దశాబ్దం ముందే, స్థానిక బోధకుల చేతుల మీదుగా పడింది. కరువు దానిని విస్తరించిందే గాని సృష్టించలేదు.
2. సహాయం కూలి రూపంలో, స్వకులం నుండి వచ్చిన బోధకుల పర్యవేక్షణలో అందడం దాని ప్రభావానికి ముఖ్య కారణం.
3. బాప్తిస్మాలను నిలిపివేయడం సహాయంలో దాగిన ఒత్తిడిని మిషనరీ స్వయంగా గుర్తించాడనడానికి నిదర్శనం.
4. విదేశం నుండి వచ్చిన నిధులు, నైపుణ్యం ఎంత విలువైనవైనా, ఏ ఇంట ఆకలి ఉందో తెలిసినవారు పల్లె బోధకులే. కరువు చరిత్ర రచనలో క్లౌ పక్కన పేరయ్యకూ, ఆయన సహచరులకూ సమాన స్థానం కల్పించినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.