వేరుశనగ చేనిలో కణమరణము

ఉరవకొండ నుండి విడపనకల్లు మీదుగా బళ్ళారికి పోవు బాట ప్రక్క మెట్టపొలములను చూచినవారికి, ఆ సీమలో పైరు ఎండుటకు వానలేమి యొక్కటే కారణమని తోచును. కాని 2000వ సంవత్సరమున అనంతపురం జిల్లా వేరుశనగ చేలు వేరొక విధమున చచ్చినవి. మొవ్వలోని లేతాకులు మాడెను. ఆ మాడుదల కాడలకును, కాండమునకును దిగెను. లేతవయసున సోకిన మొక్కలు నిలువున చచ్చెను. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తమ సహచరులతో పరిశోధించి, ఇది టొబాకో స్ట్రీక్ వైరసు పనియని తేల్చిరి. రైతులకిది కాండము కుళ్ళు తెగులు. పేరు కుళ్ళేగాని, జరిగినది కణముల మరణము.

ఈ మరణములో మొక్క చేయి కూడ కలదు. 1915లో అమెరికాలో స్టాక్‌మన్ గోధుమ కుంకుమ తెగులును గూర్చి వ్రాయుచు, గట్టి రకములందు తెగులు సోకినచోటి కణములు వెంటనే చచ్చి, శిలీంధ్రమునకు ఆహారము లేకుండ చేయుటను గుర్తించెను. ఊరిలో ఒక కొంప అంటుకొన్నచో ప్రక్క యింటి కప్పు పీకివేయుదురు గదా, అట్టిదే యిది. జంతుకణములందలి ఇట్టి క్రమమైన మరణమునకు 1972లో కెర్, వైలీ, కర్రీ అనువారు 'అపాప్టోసిస్' అని పేరిడిరి. ఆ గ్రీకుమాటకు ఆకురాలుట యని యర్థము! చావ నిరాకరించు క్యాన్సరు కణములను చచ్చునట్లు చేయు వెనెటోక్లాక్స్ మందు 2016లో అమెరికాలో అనుమతి పొందినది.

వేరుశనగలో మాత్రము ఆ అడ్డుకట్ట నిలువలేదు. వైరసు ముందుపోగా మరణము దాని వెంటపోయెను. చచ్చిన కణమును బ్రతికించు మందు లేదు. మరి చికిత్స ఎచ్చట?

గట్టుమీద. 1950 దశకమున పూనాలో కనబడి దేశమంతయు అల్లుకొన్న వయ్యారిభామ కలుపులో ఈ వైరసు ఏ గుర్తును చూపక కాపురముండును. మొక్క పచ్చగా పూయును. పుప్పొడిలో వైరసు చేరును. తామరపురుగులు ఆ పుప్పొడిని మోసుకొనిపోయి, ఆకును గీకిన గాయములందు దింపును. వేరుశనగ పుప్పొడి పూవులోనే మరుగుపడి యుండును గనుక, చచ్చిన పైరు తెగులును అంతగా పంచలేదు. చావని కలుపే పంచినది.

అందుచే శాస్త్రజ్ఞులు చేని చుట్టు జొన్న గాని సజ్జ గాని కొన్ని సాళ్ళు వేయుమనిరి, కలుపును పెరికివేయుమనిరి. చిక్కు రెండవదానిలోనే యున్నది. బాటప్రక్కలును, బీళ్ళును ఏ రైతువియు కావు. ఒక్కని చేను శుభ్రపడినంత మాత్రమున గాలి ఆగదు. ఊరంతయు కలిసి, పూతకు రాకమున్నే పెరుకవలెను. ఆ మొక్క చేతులకు దురద పుట్టించును గనుక గుడ్డ చుట్టుకొనుట మేలు.