టీవీ లేని టీవీ గేమ్

మా ఇంట్లో దాని పేరు 'టీవీ గేమ్'. వీడియో గేమ్ అని గానీ, కన్సోల్ అని గానీ ఎవరూ అనేవాళ్లు కాదు. మేళ్లచెరువులో అది ఉన్న నాలుగైదు ఇళ్లల్లోనూ ఇదే పేరు. అసలు తగువంతా ఆ పేరులోనే ఉంది. గేమ్ నాది, టీవీ ఇంటిది.

2000 ఎండాకాలం సెలవుల్లో మా మామయ్య విజయవాడ బీసెంట్ రోడ్డులో కొనిపెట్టాడు. జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కి నకలు అది. క్యాసెట్టు మీద '9999 ఇన్ 1' అని ఉండేది. నిజంగా ఉన్నవి పాతిక ఆటలు కూడా కావు. సినిమా పోస్టర్ల మీది వంద రోజుల లెక్కలాంటిదే అది కూడా. నాన్నది సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్టు చేసొచ్చి పొద్దున్నే పడుకుంటే ఇంట్లో చప్పుడు చేయకూడదు. సాయంత్రం ఏడు దాటితే అమ్మవీ నానమ్మవీ సీరియళ్లు. మధ్యలో కరెంటు కోత. ఇవన్నీ పోగా మిగిలిన గంటో గంటన్నరో నాది. అందులోనూ నాన్న నిద్రలోంచే కేకేసేవాడు: "ఎక్కువసేపు ఆడమాక, పిక్చర్ ట్యూబ్ పోద్దిరా!"

ఆ మాట ఊరంతా నమ్మేది. నవ్వుకుని వదిలేయాల్సిన మాటేం కాదది. గుండు టీవీ గాజు లోపలి వైపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు తగిలి అది వెలుగుతుంది, వెలిగిన కొద్దీ అరుగుతుంది. కదలని బొమ్మని రోజుల తరబడి ఒకేచోట ఉంచితే దాని నీడ తెర మీద శాశ్వతంగా మిగిలిపోతుంది. అయితే ఆదివారం ఓ గంట మారియోని పరిగెత్తించినంత మాత్రాన ట్యూబ్ పోదు. నాన్న చెప్పిన సైన్సు కరెక్టే, మోతాదే ఎక్కువ. నాకు ఇప్పుడనిపిస్తుంది, ఆయన భయం ట్యూబ్ గురించి కాదు. కష్టపడి కొన్న వస్తువు మీద అజమాయిషీ ఎవరిదన్నది అసలు సంగతి.

ఇంతకీ ఆటని టీవీకే ఎందుకు తగిలించారు? దీనికి ఒక మనిషీ ఒక తేదీ ఉన్నాయి. రాల్ఫ్ బేర్ టీవీ ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో శాండర్స్ అనే రక్షణ పరికరాల కంపెనీలో పనిచేసేవాడు. 1966 ఆగస్టు చివర్లో న్యూయార్క్‌లో ఓ బస్ స్టేషన్ దగ్గర సహోద్యోగి కోసం ఎదురుచూస్తూ ఆయనకి తట్టిన ఆలోచన ఇది: దేశంలో కోట్ల ఇళ్లల్లో టీవీలున్నాయి, వచ్చింది చూడటం తప్ప వాటితో జనం ఇంకేమీ చేయడం లేదు. మర్నాడే నాలుగు పేజీలు రాసుకున్నాడు. తన ఆటల పెట్టెని ఆయన ఊహించింది ఒక ఛానెల్‌గానే. అంటే టీవీకి ఇది కూడా యాంటెన్నా నుంచి వచ్చే ఓ స్టేషనే అనిపించాలి. 1972లో అది మాగ్నవాక్స్ ఒడిస్సీగా బజారుకొచ్చింది. మాగ్నవాక్స్ టీవీ ఉంటేనే ఈ పెట్టె పనిచేస్తుందని కొనేవాళ్లలో చాలామంది అపోహపడ్డారట. మా ఇంట్లో వెనకాల యాంటెన్నా పిన్ను తీసి గేమ్ పిన్ను గుచ్చి, ఖాళీ ఛానెల్లో గీతలన్నీ పోయేదాకా ట్యూనింగ్ తిప్పేవాణ్ణి కదా, ఆ తిప్పుడు వెనక ఉన్నది బేర్ ఆలోచనే.

కానీ బేర్ కంటే ముందు ఆటలు టీవీలో లేవు. 1958లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ తయారుచేసిన టెన్నిస్ ఆట ఆసిలోస్కోప్ మీద నడిచింది. 1962 నాటి స్పేస్‌వార్‌ని ఎంఐటీ కుర్రాళ్లు పీడీపీ-1 కంప్యూటర్ డిస్‌ప్లే మీద ఆడుకున్నారు. ఆట పుట్టిల్లు కంప్యూటర్ తెర. టీవీ దాని అత్తగారిల్లు. కన్సోల్‌ని మానిటర్‌కి తగిలించడం మొన్నమొన్నటి తెలివి అనుకుంటాం గానీ, ఒక లెక్కన పుట్టింటికి తిరిగి రావడమే అది.

మధ్యలో ఇంకో తమాషా జరిగింది. 1980ల్లో ఇంటి కంప్యూటర్లు వచ్చినప్పుడు, 1982 నాటి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటివి, వాటికి సొంత తెర లేదు. అవీ టీవీ వెనక యాంటెన్నా రంధ్రంలోనే దూరాయి. మన దగ్గర హైదరాబాద్ ఈసీఐఎల్ ఈ రెండు ప్రపంచాల్లోనూ కాలు పెట్టింది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్‌ని 1969లో తయారుచేసింది వాళ్లే; తర్వాత ఊళ్లల్లో పెద్దింటి హోదా అనిపించుకున్న ఈసీ టీవీలూ వాళ్లవే. ఒకే కంపెనీ చేసిన ఈ రెండు తెరలకీ మన ఇళ్లల్లో చాలాకాలం మాటల్లేవు.

మాటల్లేకపోవడానికి గట్టి కారణమే ఉంది. మన పాల్ పద్ధతిలో ఒక ఫ్రేముకి 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. అంటే సెకనుకి 15,625 గీతలు. టీవీ లోపలి సర్క్యూట్లన్నీ ఆ లయకే కట్టుబడి ఉంటాయి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ మానిటర్ దాదాపు దానికి రెట్టింపు వేగంతో, సెకనుకి 31 వేలకి పైగా గీతలు గీస్తుంది. ఒకటి విలంబితం, ఇంకోటి ద్రుతం. గేమ్ వైరుని మానిటర్ పిన్నుకి అంటగట్టినంత మాత్రాన బొమ్మ రాదు. నేను ప్రయత్నించాను. టెన్త్‌లో ఉండగా ఓ స్నేహితుడి ఇంట్లో, వాళ్లన్నయ్య లేనప్పుడు, ఆర్‌సీఏ వైరు కోసి లోపలి తీగల్ని వీజీఏ పిన్నుల్లో గుచ్చి చూశాం. ఏమీ రాలేదు. అదృష్టం, ఏదీ కాలలేదు కూడా.

ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు, 2006లో, నాకు కంప్యూటర్ కొన్నారు. ఆ రోజుల్లోనే ఎక్స్‌టర్నల్ టీవీ ట్యూనర్ అనే అరచేతంత పెట్టె చేతికొచ్చింది. హైదరాబాద్‌లో కోఠీ, సికింద్రాబాద్‌లో సీటీసీ, ఎక్కడ చూసినా అవే. ఆ రోజుల్లో హాస్టల్లో ఉన్నవాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు. ఓ పక్క కేబుల్ వైరు, ఇంకో పక్క పసుపు ఎరుపు తెలుపు రంధ్రాలు, మూడో పక్క మానిటర్. సీపీయూ ఆన్ చేయాల్సిన పనే లేదు. లోపలున్న చిప్పు టీవీ బొమ్మని క్షణకాలం దాచుకుని, గీతల్ని రెట్టింపు చేసి, మానిటర్ లయలో పంపిస్తుంది. ఎవరూ దీని చరిత్ర రాయరు గానీ, మన మధ్యతరగతి ఇళ్లల్లో కుర్రాళ్లకి సొంత తెర ఇచ్చింది ఈ పెట్టేనని నా అభిప్రాయం. సెలవులకి ఇంటికి తెచ్చి పాత టీవీ గేమ్ దానికి తగిలించాను. హాల్లో అమ్మ చక్రవాకం చూస్తోంది. నేను నా గదిలో మారియో ఆడుతున్నాను. అప్పటికి ఆరేళ్లుగా ఇంట్లో నడుస్తున్న యుద్ధం ఆరోజుతో ఆగిపోయింది. విజయమనే అనుకున్నాను.

ఒక్క ఆట మాత్రం రాలేదు, డక్ హంట్. మా ఇంట్లో 'పిట్టల ఆట'. అమ్మ ఆడే ఒకే ఒక్క ఆట అది. సీరియల్ మధ్యలో ప్రకటనలొస్తే "ఏదీ, ఆ తుపాకి ఇటివ్వు" అనేది. గురి నాకంటే బాగుండేది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము నల్లబడుతుంది, తర్వాతి ఫ్రేములో పిట్ట ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. తుపాకి గొట్టంలో ఉన్న కన్ను ఆ తెలుపు కోసం చూస్తుంది. అంటే తుపాకి ఏమీ కాల్చదు, టీవీయే తుపాకిని కాలుస్తుంది. నింటెండో తుపాకిలోని సర్క్యూటుని టీవీ గీతల లయకి తగ్గట్టే తయారుచేశారు. ట్యూనర్ పెట్టె బొమ్మని ఆలస్యంగా, వేరే లయలో పంపేసరికి ఆ లెక్క తప్పుతుంది. పిట్టలన్నీ ఎగిరిపోయాయి, కుక్క నవ్వింది. అమ్మ రెండుసార్లు చూసి హాల్లోకి వెళ్లిపోయింది.

మిగతా కథ త్వరగా జరిగింది. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్‌కి అప్పటికే వీజీఏ అడాప్టర్ ఉంది గానీ మన వైపు దాన్ని చూసినవాళ్లు తక్కువ. 2005లో ఎక్స్‌బాక్స్ 360కి వీజీఏ కేబుల్ వచ్చింది. 2006లో పీఎస్3 హెచ్‌డీఎంఐతో వచ్చింది. మానిటర్‌కి ఉండే డీవీఐతో అది కలుస్తుంది, ఖరీదు లేని మార్పిడి పిన్ను చాలు. కాకపోతే హెచ్‌డీసీపీ అనే కాపలా ఒకటి పెట్టారు. కాపీ రక్షణకి జవాబు చెప్పలేని పాత మానిటర్‌కి పీఎస్3 బొమ్మ ఇవ్వదు. ఈసారి అడ్డం గీతల వేగం కాదు, అనుమానం.

మన హైదరాబాద్ వాళ్లు ఈ కథలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా' రెండూ 2009లో పీఎస్2కి వచ్చాయి. హనుమాన్ ఆటగా నాకు పెద్దగా నచ్చలేదు, కెమెరా ఒకవైపు, మనం ఒకవైపు. కానీ కబడ్డీ, గాలిపటాలు ఉన్న దేశీ అడ్డా ఎవరి కోసం చేశారో తెలుస్తూనే ఉంటుంది: హాల్లో, చాప మీద, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చునే ఇంటి కోసం. తీరా అది వచ్చేసరికి నాలాంటివాళ్లం గదుల్లోకి వెళ్లిపోయాం.

ఎల్‌సీడీ టీవీలు వచ్చాక మానిటర్ వైపు మొగ్గడానికి ఇంకో కారణం దొరికింది. టీవీ బొమ్మకి నగిషీలు చెక్కుతుంది. రంగులు పెంచుతుంది, కదలిక నున్నగా చేస్తుంది. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేముకి ఉండేది సుమారు 17 మిల్లీసెకన్లు. ఈ నగిషీకి నాలుగైదు ఫ్రేములు పట్టిందంటే మారియో గోతిలో పడ్డట్టే. టీవీ మెనూల్లో కనిపించే 'గేమ్ మోడ్' చేసే పని ఆ నగిషీలు చాలావరకు ఆపేయడమే, అంటే టీవీని కాసేపు మానిటర్‌గా నటించమనడం.

ఇప్పుడు నా టేబుల్ మీద 27 అంగుళాల మానిటర్. దానికి స్పీకర్లు లేవు, శబ్దం హెడ్‌ఫోన్స్‌లోకి పోతుంది. పక్కన కూర్చున్న మనిషికి నేను ఆడేది మూకీ సినిమా. పోయిన శివరాత్రి జాతరకి ఊరెళ్లినప్పుడు అమ్మ అడిగింది, "ఆ పిట్టల ఆట ఇప్పుడు రాదేంట్రా?" అని. ఎల్‌ఈడీ టీవీ మీద రాదమ్మా, గుండు టీవీ కావాలి అన్నాను. "మరి చూడు" అంది, అంతే.

కోదాడలో ఓ రిపేరు షాపు వెనక, స్క్రాప్‌కి పోబోతున్న 21 అంగుళాల టీవీ దొరికింది. ఏడొందలన్నాడు, ఐదొందలకి ఇచ్చాడు. బస్సులో ఎక్కించుకోనంటే ఆటో మాట్లాడుకుని తెచ్చాను. ఆన్ చేస్తే పాత వాసనతో సహా వెలిగింది. అటక మీద గేమ్ దొరికింది, క్యాసెట్టు దొరికింది. తుపాకి కూడా దొరికింది గానీ దాని వైరు ఎలుకలు కొట్టేశాయి. అయిదు తీగలు, ఏది ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద గీసిపెట్టుకున్నాను. ఈసారి వెళ్లేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ తీసుకెళ్లాలి.