నాలుగున్నర మణుగుల మల్లులు

మద్రాసు జార్జి టౌనులో పుట్టి పెరిగినవారికి తూకమన్న మాట క్రొత్తది కాదు. షావుకారుపేట బంగారు అంగళ్లలో గురిగింజ యెత్తు తేడాకు బేరము విరిగిపోవుటయు, 1996లో కోయంబేడునకు తరలిపోవువరకు కొత్వాలు చావడిలో తెల్లవారకమునుపే బస్తాలు కాటా కెక్కుటయు వారెఱిగినవే. అక్కడి పాతలెక్కలో మణుగనగా ఎనిమిది వీసెలు. ఇంగ్లీషు తూకమున సుమారు 25 పౌండ్లు. ఆ కాటాపై ఒక మనిషిని నిలిపి, రమారమి నాలుగున్నర మణుగులకు మించకున్నచో బరిలోనికి దిగవచ్చునని చెప్పినయెడల, అతడు ఫ్లైవెయిటు ముష్టియోధుడగును. ఆ తరగతికి విధించిన హద్దు 112 పౌండ్లు. దానిపైది బాంటమువెయిటు, 118. ఆపైది ఫెదరువెయిటు, 126, అనగా అయిదు మణుగులకు పిసరెక్కువ.

బాంటమను పేరునకును ఈ పట్టణమునకును ఉన్న సంబంధము తలచుకొన్నప్పుడెల్ల నాకు ముచ్చట కలుగును. జావా ద్వీపమునందలి బాంటము రేవునుండి వచ్చిన పొట్టికోళ్లకు ఆ రేవు పేరే నిలిచిపోగా, ఆకారమున చిన్నవైనను పౌరుషమున పెద్దకోళ్లకు తీసిపోని వాని పేరు పిమ్మట మల్లులకు సంక్రమించినది. కోడిపందెము చూచిన తెలుగువారికి ఈ పోలికను విప్పి చెప్పనక్కఱలేదు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని యనుమతి బడసి ఇంగ్లీషువారు ఇచ్చట కోట కట్టుకొన్న తొలినాళ్లలో, ఆ కోట వ్యవహారములు ఆ బాంటము కోఠీకే లోబడియుండెను. ఆ కోటకు వెలుపల పెరిగిన నల్లవారి పేటయే తరువాత ఐదవ జార్జి చక్రవర్తి పేరిట జార్జి టౌనైనది.

మన పురాణములలో కాటా లేదు. వాలిసుగ్రీవులు పిడికిళ్లతో పోరాడునపుడు ఎవరి బరువెంతయని ఎవరును అడుగలేదు. అయినను సమానునితో తలపడుటయే మర్యాదయను భావము మాత్రము పురాతనమైనదే. కృష్ణార్జునభీములు మువ్వురు నెదుట నిలిచి ఎవరితో పోరెదవని యడిగినపుడు, జరాసంధుడు తనకు సరిజోడని భీమునే కోరుకొనలేదా? ఆ మర్యాదను అంకెలలో పెట్టినవారు ఇంగ్లీషువారు. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమములు చేతితొడుగులను, మూడు నిమిషముల రౌండును స్థిరపఱచగా, 1909లో లండనులోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బు ఎనిమిది తరగతులను నిర్ణయించెను.

నౌకలతోడను, సిపాయిల తోడను, రైల్వేకొలువులలోని ఆంగ్లో ఇండియనుల తోడను ఈ విద్య మద్రాసునకు వచ్చి, జార్జి టౌనునకు ఉత్తరముగా నున్న రాయపురము, కాశిమేడు ప్రాంతముల జాలరులయొక్కయు, రేవుకూలీలయొక్కయు చేతులలో పడి, పరాయిదను మాట మఱచిపోవునంతగా అక్కడిదైపోయెను. అచ్చట యోధుని పేరడిగిన పిమ్మట అడుగునది పరంపర. సార్పట్టా పరంపర, ఇడియప్ప నాయకర్ పరంపర అను పేర్లు సంగీతవిద్వాంసుల గురుపరంపరలవలె పలుకబడుచుండెడివి. బరిలో ఒకడు దెబ్బతిన్నచో ఆ పేరు గలవారందఱును దెబ్బతిన్నట్లే. నాట్ టెర్రీయను ఆంగ్లో ఇండియను యోధుని కిత్తేరి ముత్తు ఓడించిన కథను అచ్చటి వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. 2021లో పా. రంజిత్ తీసిన చలనచిత్రమువలన సార్పట్టా పేరు దేశమంతట వినబడినది గాని, ఆ వీధులకది తాతలనాటి మాట. 1992లో బార్సిలోనా ఒలింపిక్సులో ఆడి, 1994లో బ్యాంకాకు ప్రపంచకప్పున కాంస్యము గెలిచి, అర్జున పురస్కారమందిన వి. దేవరాజనును ఈ మద్రాసు బిడ్డయే.

ఇట్టి చోట ఎవడు గొప్పవాడన్న తగవు తెగునా? భారీకాయులలో ఒక్క గ్రుద్దు పెక్కుమాఱులు ఆ తగవును తీర్చివేయును. 1980లో మహమ్మదాలీ మద్రాసుకు వచ్చి నెహ్రూ స్టేడియములో జిమ్మీ ఎల్లిసుతో ప్రదర్శనపోటీ యాడినపుడు, అతడెవరని అడిగినవారు లేరు. చిన్నతూకములలో అట్లుగాదు. కాలు నేలమోపిన జాడ కనబడదు, దెబ్బ తగిలినదో తప్పినదో రెప్పపాటులో తేలదు; మధ్యస్థుల కన్ను ఒకటి చూచును, బరిచెంత నిలిచినవారి కన్ను వేఱొకటి చూచును. అందుచేత చిన్నవారి పోరు బరిలో ముగిసినను అరుగులమీద ముగియదు.

దీనికి మూలమైన వివాదము వేల్సు దేశీయుడైన జిమ్మీ వైల్డుదియు, ఫిలిప్పీనుల బాలుడు పాంచో విల్లాదియు. వైల్డు పెక్కుమాఱులు నూఱు పౌండ్లయినను తూగక, తనకంటె బరువైనవారిని పడగొట్టినవాడు. 1923 జూను 18న న్యూయార్కు పోలో గ్రౌండ్సులో ఇరువదొకటేండ్ల విల్లా ముప్పదొకటేండ్ల వైల్డును ఏడవ రౌండులో పడవేసెను. వైల్డు మఱి బరి యెక్కలేదు. రెండేండ్లకే దంతముల వ్యాధి విషమించి విల్లా కన్నుమూసెను. గెలిచినవాడు విల్లా, అయినను ఫ్లైవెయిటు తరగతిలో అగ్రగణ్యుడెవడనినచో వైల్డు పేరు చెప్పువారే నేటికిని మిక్కుటము. నేనును ఆ పక్షముననే యుందును. వయసు తీఱిన సింహమును కొట్టినవాడు సింహము యౌవనమును కొట్టినట్లు కాదు.

ఈ తగవు తెలుగునేలకును వచ్చినది. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్, ఆఱుమాఱులు ప్రపంచవిజేతయైన మేరీ కోముతో తనకు పోటీ పెట్టుమని లేఖ వ్రాసి బహిరంగముగా అడిగినప్పుడు, అది అహంకారమన్నవారు కొందఱు, న్యాయమన్నవారు కొందఱు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో 51 కిలోల పోటీ జరిగి, మేరీయే 9-1తో గెలిచెను. ఆ గెలుపును నేను తక్కువ చేయను. కాని మేరీ ఆఱు స్వర్ణములును 45, 46, 48 కిలోల తరగతులలో వచ్చినవని తగవులాడువారు మఱవరాదు. 48కి లోపల ఆమెకు సాటి లేరు. ఆపైన మాట వేఱు: 2022 మే 19న ఇస్తాంబులులో థాయి యోధురాలు జుతమాస్ జిట్‌పాంగును 5-0తో గెలిచి నిఖత్ 52 కిలోల ప్రపంచవిజేత యయ్యెను.

అయితే పారిసు ఒలింపిక్సులో 52 కిలోల తరగతి లేదు; ఉన్నది 50. రెండు కిలోలనగా మన పాతలెక్కలో వీసెన్నరకు కొంచెము తక్కువ, కోమటి యంగడిలో కందిపప్పు కొలిచినంత. అంతమాత్రము దేహమునుండి తీసివేసి, 2023లో ఢిల్లీలో ఆ తూకముననే ఆమె మఱల ప్రపంచవిజేతయై, 2024 ఆగస్టు 1న పారిసులో చైనా యువతి వూ యూ చేతిలో ఓడెను. ఆ వూ యూయే పిదప స్వర్ణము గెలిచెను. పోటీకి ముందు రెండు దినములు తాను అన్నము ముట్టలేదని, తూకము ముగిసిన తరువాతనే నీరు త్రాగితినని నిఖత్ కన్నీటితో చెప్పెను.