కాలు చెప్పనిది

ఆషాఢ పౌర్ణమి దగ్గరపడుతోందంటే మా గరివిడిలో సింహాచలం గిరిప్రదక్షిణ మాటలు మొదలవుతాయి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. చాలామంది వట్టికాళ్లతోనే నడుస్తారు. షుగరు ఉన్నవాళ్లు మాత్రం అలా నడవకూడదని డాక్టర్లు ఎం.సి.ఆర్. చెప్పులు రాస్తారు. ఆ చెప్పులకో చరిత్ర ఉంది.

పాల్ బ్రాండ్ అనే సర్జను 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠురోగుల వేళ్లనూ పాదాలనూ రోగమే తినేస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. అసలు కారణం స్పర్శ పోవడమేనని ఆయన, ఆయన తోటివాళ్లు గుర్తించారు. మనకు కాలు నొప్పిపెడితే మనకు తెలియకుండానే బరువు పక్కకు మారుస్తాం, కుంటుతాం. వాళ్లకు ఆ కుంటే భాగ్యం కూడా లేదు. పుండు మీదే నడిచేస్తారు. పెద్ద దెబ్బ తగలక్కర్లేదు, అడుగడుగునా ఒకేచోట పడే బరువు చాలు.

అందుకని మందులతో పాటు చెప్పుల మీదా దృష్టి పెట్టారు. రకరకాలు చేసి చూశాక నిలిచింది, సన్నటి గాలి గదులుండే మైక్రోసెల్యులర్ రబ్బరు. అదే ఎం.సి.ఆర్. పాదం ఆనేచోట ఆ మెత్తటి రబ్బరు, దాని కింద ముల్లు దిగని గట్టి అట్ట, జారిపోకుండా మడమ వెనక పట్టీ. మేకులు కొట్టరు. పైకి లేచిన మేకు గుచ్చుకున్నా ఆ కాలికి తెలియదు కదా!

కుష్ఠు మన వైపు కొత్త కాదు. సాలూరులో వాళ్ల కోసమే మిషన్ ఆసుపత్రి ఉంది. ఊరు దగ్గరికి రానివ్వని మనుషుల పాదాల దగ్గర నేర్చుకున్న పాఠమే ఇవాళ మన ఇళ్లలో షుగరు కాళ్లను కాపాడుతోంది.

మా అత్తగారికి పదిహేనేళ్లుగా షుగరు. "నాకు నొప్పే లేదు కదమ్మా, ఎంత దూరమైనా నడుస్తాను" అంటారు. ఆ నొప్పి లేకపోవడమే నా భయం. "దేవుడి దారిలో చెప్పులేమిటి?" అన్నారు. "వట్టికాళ్ల మొక్కు మీ తరఫున నేను తీరుస్తాను, మీరు చెప్పులతో రండి" అన్నాను. డాక్టరు గారు సరేనంటేనే ఇద్దరం వెళ్తాం.

మీ ఇంట్లోనూ ఎవరైనా బయల్దేరుతుంటే, చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉండాలి. లోపలి రబ్బరును బొటనవేలితో నొక్కి వదిలితే మళ్లీ పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోతే వద్దు. కొత్తవి నడక రోజునే తొడగకండి. కొన్నాళ్ల ముందు నుంచి ఇంట్లో రోజూ కాసేపు వేసుకుని, విప్పగానే ఎక్కడైనా కందిందేమో చూడండి. దారిలోనూ ఆగినప్పుడల్లా అరికాళ్లు చూడండి. కాలు చెప్పనిది కన్నే చెప్పాలి.