తర్వాతి బండి ఎప్పుడు?

తిరువళ్ళూరు స్టేషన్‌కి వచ్చిన ప్రయాణికుడు "10 గంటల 17 నిమిషాలకు తిరుత్తణి బండి ఉందా?" అని అడగడు. "తర్వాతి బండి ఎప్పుడు?" అంటాడు. అతని గడియారంలోని సమయం టైంటేబుల్లో ఉండకపోవచ్చు. అయినా జవాబు దొరుకుతుంది, వేళలన్నీ వరసగా ఉన్నాయి గనుక. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఈ పని సార్టెడ్ మ్యాప్‌ది. బయలుదేరే సమయం కీ, బండి వివరం దాని విలువ, రెండూ కలిస్తే ఒక ఎంట్రీ. అడిగినది దొరకబుచ్చుకోవడం ఏ మ్యాపైనా చేస్తుంది. అడిగినది లేనప్పుడు దాని పక్కనున్నదాన్ని అందించడమే సార్టెడ్ మ్యాప్ అసలు బలం. ఆ బలం ప్రోగ్రామర్ చేతికి సూటిగా అందడానికి చాలా కాలం పట్టింది.

వేళలను వరసలో పెట్టే పని కంప్యూటర్ల కంటే పాతది. 1839లో జార్జ్ బ్రాడ్‌షా ఇంగ్లండ్‌లో రైళ్ల వేళలను పుస్తకంగా అచ్చు వేశాడు. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచిన దక్షిణాది తొలి ప్రయాణికుల రైలు తిరువళ్ళూరు మీదుగానే వెళ్లింది. వేళలను వరసలో పెట్టాలంటే ముందు గడియారాలన్నీ ఒక్క మాట చెప్పాలి. ఆ రోజుల్లో ఊరికో సమయం ఉండేది. అందుకే రైల్వేలు మద్రాసు వేధశాల సమయాన్ని దేశంలో చాలా చోట్ల ప్రమాణంగా తీసుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం వచ్చింది. కీలను పోల్చడానికి ఒకే కొలత ఉండాలన్న నియమాన్ని కంప్యూటర్లు పుట్టకముందే రైల్వేలు పాటించాయన్నమాట.

కంప్యూటర్ల లోకంలో 1946లో జాన్ మాక్లీ తన ఉపన్యాసాల్లో బైనరీ సెర్చ్ గురించి చెప్పాడు. వరసలో ఉన్న జాబితాను సగానికి సగం కోసుకుంటూ పోతే పది లక్షల ఎంట్రీల్లో కూడా 20 పోలికలతో తేలిపోతుంది. వెతకడం బాగానే ఉంది, చేర్చడమే కష్టం. మధ్యలో కొత్త బండి ఒకటి వేస్తే దాని తర్వాతివన్నీ ఒక్కో గడి జరగాలి. 1960 ప్రాంతంలో వచ్చిన బైనరీ సెర్చ్ ట్రీ ఆ జరుపుడును తప్పించింది కానీ ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. వేళలను ఉదయం నుంచి రాత్రి దాకా వరసగానే ఎక్కించామనుకోండి, ఆ చెట్టుకు కొమ్మలే రావు, పొడవాటి గొలుసులా సాగిపోతుంది. అప్పుడు వెతకాలంటే మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి.

ఆ గొలుసును తిరిగి చెట్టుగా నిలబెట్టే ఉపాయం 1962లో సోవియట్ గణితజ్ఞులు అడెల్సన్-వెల్స్కీ, లాండిస్‌ల నుంచి వచ్చింది. ఎంట్రీ చేరినప్పుడల్లా ఎత్తు సరిచూసి, ఓ పక్కకు ఒరిగితే తిప్పి నిలబెడతారు. 1972లో రుడాల్ఫ్ బేయర్ మరో తరహా సమతుల చెట్టును చూపించాడు. 1978లో గీబాస్, సెడ్జ్‌విక్ దాన్నే రెడ్-బ్లాక్ ట్రీ అన్నారు. పది లక్షల ఎంట్రీలున్నా ఇందులో పోలికలు సుమారు 40 దాటవు. ఇవాళ్టి లైబ్రరీల్లో ఎక్కువగా కనిపించేది ఈ చెట్టే.

సి++లో అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రూపొందించిన ఎస్‌టిఎల్ (స్టాండర్డ్ టెంప్లేట్ లైబ్రరీ) 1994లో ప్రమాణపు ముసాయిదాలోకి వచ్చింది. దాని మ్యాప్‌లో లోయర్‌బౌండ్ మొదటినుంచీ ఉంది: ఇచ్చిన కీ కంటే చిన్నది కాని మొదటి ఎంట్రీని అది చూపిస్తుంది. జావా ఇక్కడ వెనకబడింది. 1998 డిసెంబరులో జావా 1.2తో ట్రీమ్యాప్ అనే సార్టెడ్ మ్యాప్ వచ్చినా, తర్వాతి బండి కావాలంటే టెయిల్‌మ్యాప్‌తో మిగతా భాగాన్ని వేరు చేసి, అందులో ఫస్ట్‌కీ అడిగి, ఆ కీతో మళ్ళీ గెట్ చేయాలి. ఆఖరి బండి వెళ్లిపోయి ఉంటే ఫస్ట్‌కీ ఎక్సెప్షన్ విసురుతుంది. ఎనిమిదేళ్ల తర్వాత, 2006 డిసెంబరులో, జావా 6లో డగ్ లీ, జాషువా బ్లాక్ రాసిన నావిగబుల్‌మ్యాప్ ఈ లోటు తీర్చింది. సీలింగ్‌ఎంట్రీ అంటే ఇచ్చిన సమయానికి గానీ ఆ తర్వాత గానీ ఉన్న మొదటి బండి. హయ్యర్‌ఎంట్రీ అయితే కచ్చితంగా తర్వాతిదే. వెనక్కి చూడాలంటే ఫ్లోర్‌ఎంట్రీ, లోయర్‌ఎంట్రీ. కీ, విలువ ఒకే చేతితో అందుతాయి, ఏమీ లేకపోతే నల్ వస్తుంది. ఇలా అందిన ఎంట్రీ ఆ క్షణపు నకలు మాత్రమే, దాని మీద సెట్‌వాల్యూ చెల్లదు.

చెట్టు ఎంత చక్కగా ఉన్నా కీ తప్పయితే ఫలితం తప్పే. సమయాన్ని స్ట్రింగ్‌గా దాస్తే "10:15" వచ్చి "9:40" కంటే ముందు కూర్చుంటుంది, ఎందుకంటే పోలిక అక్షరం అక్షరానికి జరుగుతుంది. 24 గంటల పద్ధతిలో "09:40" అని రాస్తే ఈ చిక్కు ఉండదు. తెలుగు కీలకు చిక్కు ఇంకొకటి. తమిళనాడులోని తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవారు నేటికీ ఉన్నారు. వారిలో ఎవరైనా స్టేషన్ల పేర్లను తెలుగులో ట్రీమ్యాప్‌కి ఇస్తే కాళహస్తి ముందు, కావలి తర్వాత వస్తాయి. యూనికోడ్‌లో ళ సంఖ్య వ కంటే చిన్నది. మన వర్ణమాలలోనేమో ళ, హ తర్వాత వస్తుంది. ఇక్కడ మన వరస ప్రకారం కీలను పోల్చే కంపారేటర్ ఇవ్వక తప్పదు.

పక్కనున్న ఎంట్రీని అందించే సదుపాయం అన్ని భాషలూ ఇవ్వలేదు. 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన సార్టెడ్‌డిక్షనరీలో ఫ్లోర్, సీలింగ్ లేవు. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో సార్టెడ్ మ్యాపే లేదు, బైసెక్ట్ మాడ్యూల్‌తో సర్దుకుంటారు. ఇది నాకు పెద్ద లోటుగానే తోస్తుంది.

డేటా స్ట్రక్చర్స్ చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. గెట్, పుట్ దగ్గరే పాఠం ఆపకండి. కచ్చితమైన కీ తెలిసినప్పుడు వరస పట్టించుకోని హ్యాష్‌మ్యాప్ చాలు, అదే వేగం కూడా. దగ్గరిది కావలసినప్పుడే ట్రీమ్యాప్. ఆ తేడా తెలిసేలా పిల్లల చేత ఒక టైంటేబుల్ రాయించండి. నల్ వచ్చినప్పుడు ఫస్ట్‌ఎంట్రీ అడిగి మర్నాటి తొలి బండి చూపించడం కూడా వాళ్ల చేతే చేయించండి.